హాకీ సీజన్ అవార్డులకు అంచనా చీటీ రాసే పద్ధతి

‘ఈసారి ప్లేయర్ ఆఫ్ ద ఇయర్ మనోడికే’ అని నోటితో అనడం తేలిక. సీజన్ అయిపోయాక ఆ మాటను ఎవరూ గుర్తు చేయరు. అదే మాటను చీటీ మీద రాసి, పక్కన ఎంత నమ్మకమో అంకె వేసి, తేదీతో సంతకం పెట్టమంటే మాత్రం చెయ్యి కొంచెం ఆగుతుంది. అనంతపురం స్పోర్ట్స్ విలేజ్‌లో పొద్దున్నే కర్ర పట్టుకునే పిల్లలైనా, కర్నూలులో టీవీ ముందు కూర్చుని హాకీ ఇండియా లీగ్ జట్టు హైదరాబాద్ తూఫాన్స్‌కు జై కొట్టే పెద్దలైనా ఐదారుగురు కలిస్తే ఈ ఆట నడుస్తుంది. కావలసింది ఒక లాంగు నోటుబుక్కు, కొన్ని చీటీలు, మూత గట్టిగా పడే సీసా, మనిషికి వంద చింతగింజలు.

ఆశ పెట్టుకోవద్దని ఎవరూ చెప్పరు. ఆశ లేకపోతే అభిమాని ఎట్లవుతాడు? ఏ అవార్డు మీద ఎంత ఆశ పెట్టాలన్నదే లెక్క. ఆ లెక్క ఆటగాడి ఫామ్‌తో మొదలు కాదు, ఆ అవార్డు ఎవరి చేతుల మీదుగా వస్తుందన్న దగ్గర మొదలవుతుంది.

ఎవరు ఇస్తున్నారో ముందు చూడండి

నోటుబుక్కులో మొదటి పేజీని మూడు గడులు చేయండి. మొదటి గడిలో అంకెలతో తేలిపోయేవి: హాకీ ఇండియా లీగ్‌లో టాప్ స్కోరర్ లాంటివి. ఇందులో ఎవరి అభిప్రాయంతోనూ పని లేదు. రెండో గడిలో ఒక కమిటీ కూర్చుని తేల్చేవి: లీగ్‌లో ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్, దేశపు హాకీ సమాఖ్య హాకీ ఇండియా ఇచ్చే వార్షిక అవార్డులు. మూడో గడిలో ఓట్లతో వచ్చేవి: అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఐహెచ్ ఏటా ఇచ్చే అవార్డులు.

మూడో గడిని కాస్త నిదానంగా చూడాలి. 2021లో ఎఫ్‌ఐహెచ్ ఓట్లలో 50 శాతం జాతీయ సమాఖ్యలది (అంటే ఆ దేశాల కెప్టెన్లు, కోచ్‌లది), 25 శాతం మీడియాది, 25 శాతం అభిమానులు, ఆటగాళ్లది. ఆ ఏడాది పురుషులు, మహిళల విభాగాలు కలిపి ఎనిమిది అవార్డులూ ఇండియాకే వచ్చాయి. హర్మన్‌ప్రీత్ సింగ్, గుర్జీత్ కౌర్, గోలీలు (గోల్‌కీపర్లు) శ్రీజేశ్, సవిత, యువ ఆటగాళ్లలో వివేక్ సాగర్ ప్రసాద్, షర్మిలా దేవి, కోచ్‌లు గ్రాహం రీడ్, శోర్డ్ మరీన్. టోక్యో ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన బెల్జియం పురుషుల జట్టుకు ఒక్కటి కూడా దక్కలేదు. ఓటింగ్ పద్ధతే తప్పని బెల్జియం బాహాటంగా అన్నది. మరుసటి ఏడాదికి నిపుణుల ప్యానెల్ వచ్చి 40 శాతం దాని చేతికి పోయింది. సమాఖ్యలకు 20, మీడియాకు 20, అభిమానులు ఆటగాళ్లకు కలిపి 20 మిగిలాయి.

కాబట్టి మన దేశపు అభిమానుల సంఖ్య చూసి పెట్టుకునే ఆశకు 2021లో ఉన్నంత బలం తర్వాత లేదు. అట్లని పూర్తిగా పోలేదు కూడా. 2022లో హర్మన్‌ప్రీత్‌కు మళ్లీ వచ్చింది, 2023లో హార్దిక్ సింగ్‌కు, 2024లో మళ్లీ హర్మన్‌ప్రీత్‌కు. సవిత 2021, 2022, 2023 వరుసగా మూడుసార్లు ఉత్తమ గోలీ. ప్యానెల్ వచ్చాక కూడా గెలిచారంటే ఆటతో గెలిచారనే అర్థం. చీటీ రాసే ముందు ఆ ఏడాది శాతాలు ఎఫ్‌ఐహెచ్ ప్రకటనలో చూసి, పేజీ పైన రాసుకోండి. పాత శాతాలతో కొత్త చీటీ రాయడం ఈ ఆటలో ఎక్కువమంది చేసే తప్పు.

టాప్ స్కోరర్‌ను గుణించి తేల్చే విధానం

అందరికీ ఇష్టమైన గడి ఇదే. ఆశకు అన్నిటికంటే తక్కువ చోటు ఉన్నదీ ఇదే. హాకీలో గోల్స్ జాబితా పైన ఎక్కువగా కనిపించేది డ్రాగ్‌ఫ్లికర్లు, అంటే బంతిని కర్రతో ఈడ్చి విసిరేవాళ్లు. కారణం నిబంధనల్లోనే ఉంది. డీలో, అంటే గోల్ ముందు గీసిన అర్ధవలయంలో, ప్రత్యర్థి తప్పు చేస్తే దొరికే పెనాల్టీ కార్నర్‌లో మొదటి షాట్‌ను కర్రతో కొడితే బంతి 460 మిల్లీమీటర్లకు మించని ఎత్తులో, అంటే గోల్ వెనక చెక్క ఎత్తులోనే గీత దాటాలి. ఫ్లిక్ చేస్తే ఆ హద్దు లేదు. 2.14 మీటర్ల ఎత్తు, 3.66 మీటర్ల వెడల్పున్న గోల్‌లో పై మూలలు కూడా ఫ్లికర్‌వే. ఎదురుగా కాచుకునేది గోలీతో కలిపి ఐదుగురే.

లెక్క ఇట్లా వేయండి. 2024-25 హాకీ ఇండియా లీగ్‌లో ఎనిమిది పురుషుల జట్లు, ఒక్కో జట్టుకు లీగ్ దశలో 10 మ్యాచ్‌లు. జట్టుకు మ్యాచ్‌కు సగటున 5 పెనాల్టీ కార్నర్లు (పీసీలు) వస్తాయనుకుంటే మొత్తం 50. మన ఫ్లికర్ మైదానంలో ఉన్నప్పుడు వచ్చేవి అందులో 70 శాతం, అంటే 35. వాటిలో షాట్ తన చేతికి వచ్చేవి 80 శాతం, అంటే 28. నాలుగింటికి ఒకటి లోపలికి పోతే 7 గోల్స్. పెనాల్టీ స్ట్రోకులు, రీబౌండ్లు కలిపి ఇంకో రెండు. మొత్తం 9. జట్టు ఫైనల్‌కు పోతే రెండు మ్యాచ్‌లు పెరిగి 11 దగ్గర ఆగుతుంది. ఆ సీజన్‌లో టాప్ స్కోరర్ జుగ్‌రాజ్ సింగ్ 12 గోల్స్ చేశాడు. అందులో మూడు ఫైనల్లోనే, హైదరాబాద్ తూఫాన్స్ మీద. 4-3తో కప్పు శ్రాచీ రాఢ్ బెంగాల్ టైగర్స్‌కు పోయింది. మన వైపు గొంజాలో పెయ్యాట్ రెండు గోల్స్ కొట్టాడు గానీ ఒక్క గోల్ తక్కువైంది. ఆ రాత్రి గురించి తూఫాన్స్ అభిమానులతో మాట్లాడకపోవడమే మంచిది.

పై లెక్కలో జనం పట్టించుకోనిది ఆ 70 శాతం. హాకీలో ఆటగాళ్లను ఎప్పుడంటే అప్పుడు మార్చుకోవచ్చు, ఎన్నిసార్లయినా. కానీ పీసీ ఇచ్చిన క్షణం నుంచి అది ముగిసేదాకా మార్పిడి బంద్, గోలీకి దెబ్బ తగిలితే లేదా కార్డు పడితే తప్ప. మీ ఫ్లికర్ నీళ్లు తాగుతూ బెంచీ మీద కూర్చున్నప్పుడు పీసీ వచ్చిందంటే అంతే. రెండో ఫ్లికర్ కొడతాడు, గోల్ పడితే అతని ఖాతాలోకే పోతుంది. అందుకే నోటుబుక్కులో ప్రతి పీసీ పక్కన రెండు గుర్తులు పెట్టండి. మనవాడు మైదానంలో ఉన్నాడా లేడా, ఉంటే షాట్ తనదా కాదా. మూడు మ్యాచ్‌లు ఇట్లా రాస్తే ఊహించిన శాతాల చోట మీ సొంత శాతాలు వస్తాయి.

ఇంకో రెండు సంగతులు చూసుకోవాలి. బంతిని గీత దగ్గర నుంచి తోసేవాడు, డీ బయట దాన్ని ఆపేవాడు మారితే ఎంత గొప్ప ఫ్లికర్ అయినా నాలుగైదు మ్యాచ్‌లు తడబడతాడు. తోసిన బంతి అర అడుగు అటుఇటు వస్తే ఫ్లికర్ అడుగు తప్పుతుంది, ఆలోపు గోల్ దగ్గర నుంచి ఎదురు పరిగెత్తే మొదటి రషర్ కాళ్ల దగ్గరికి వచ్చేస్తాడు. లీగ్‌లో వేలం తర్వాత ఈ ముగ్గురూ వేర్వేరు దేశాల వాళ్లు కావడం మామూలే, అందుకే మొదటి వారం అంకెలు నమ్మొద్దు. రెండోది, మ్యాచ్ సమమైతే విజేతను తేల్చే షూటవుట్‌లో పడిన గోల్స్ స్కోరర్ల జాబితాలోకి రావు. అవి కలుపుకుని ‘మావాడికి 13’ అనే వాదన సీజన్‌కు ఒకటైనా వస్తుంది.

గోలీ చీటీ

ఇక్కడ ఆశకు చోటుంది. గోలీలను కమిటీలు, ఓటర్లు సగటుతో కాదు, ఒక్క మ్యాచ్‌తో గుర్తు పెట్టుకుంటారు. టోక్యో క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియా మీద గుర్జీత్ కొట్టిన ఒక్క గోల్‌ను చివరిదాకా కాపాడింది సవిత. 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో మన డిఫెండర్ అమిత్ రోహిదాస్‌కు రెండో క్వార్టర్ మొదట్లోనే రెడ్ కార్డు పడింది. నలభై నిమిషాలకు పైగా పది మందితో ఆడి బ్రిటన్‌తో 1-1 దగ్గర ఆపారు, తర్వాత షూటవుట్‌లో 4-2. ఆ ఒక్క మ్యాచ్‌తోనే శ్రీజేశ్ పేరు ఆ ఏటి ఎఫ్‌ఐహెచ్ గోలీగా దాదాపు ఖాయమైంది.

కాబట్టి గోలీ చీటీ రాసేటప్పుడు సేవ్‌ల శాతం కంటే ముందు ఆ జట్టు నాకౌట్‌కు పోతుందా, పోతే షూటవుట్ దాకా లాగే రకమా అని చూడండి. నాకౌట్‌కు పోని జట్టులో పది సేవ్‌లు చేసినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు. ఇద్దరు గోలీలను క్వార్టర్ల వారీగా మార్చే జట్టైతే ఇద్దరికీ గింజలు సగానికి సగం తగ్గించండి. రెండో గోలీకి అవార్డు ఎప్పుడూ దూరమే. మన పక్కనే చిత్తూరు జిల్లా నుంచి భారత జట్టు దాకా పోయిన ఎతిమరపు రజని మీద రాయలసీమ అభిమానికి ఎంత ప్రేమ ఉన్నా, సవిత గోల్ ముందు నిలబడినన్ని ఏళ్లు ఆ ప్రేమకు అవార్డు లెక్కలో విలువ కట్టడం కష్టం. అది ప్రతిభ సంగతి కాదు, మైదానంలో దొరికిన నిమిషాల సంగతి.

హాకీ ఇండియా అవార్డుల్లో ఉన్న మెలిక

క్యాలెండర్ సంవత్సరం ఆటను లెక్కలోకి తీసుకుని మరుసటి ఏడాది మొదట్లో ఇస్తారు. 2024వి 2025 మార్చిలో ఇచ్చారు. బల్బీర్ సింగ్ సీనియర్ పేరుతో ప్లేయర్ ఆఫ్ ద ఇయర్ పురుషులకొకటి, మహిళలకొకటి, ఒక్కొక్కరికి 25 లక్షలు. 21 ఏళ్ల లోపు వాళ్లకు కూడా విడివిడిగానే: అబ్బాయిలకు జుగ్‌రాజ్ సింగ్ పేరుతో, అమ్మాయిలకు అసుంతా లక్రా పేరుతో. మెలిక స్థానాల అవార్డుల్లో ఉంది. గోలీకి బల్జీత్ సింగ్, డిఫెండర్‌కు పర్గత్ సింగ్, మిడ్‌ఫీల్డర్‌కు అజిత్‌పాల్ సింగ్, ఫార్వర్డ్‌కు ధన్‌రాజ్ పిళ్లై పేరుతో ఇచ్చేవి పురుషులకూ మహిళలకూ కలిపి ఒక్కొక్కటే. ఈ సంగతి తెలియక ఎనిమిది పేర్లు రాసి తెచ్చేవాళ్లు ఉంటారు.

2024 ఫలితాలు చూస్తే కమిటీ బుద్ధి కొంత అర్థమవుతుంది. ప్లేయర్ ఆఫ్ ద ఇయర్ హర్మన్‌ప్రీత్, సవిత. పారిస్‌లో పది గోల్స్‌తో టాప్ స్కోరర్ అయిన హర్మన్‌ప్రీత్ డిఫెండరే, అయినా డిఫెండర్ అవార్డు రోహిదాస్‌కు పోయింది. రెడ్ కార్డు తిని జర్మనీతో సెమీస్ ఆడలేకపోయిన రోహిదాస్‌కే! ఒక కార్డుతో ఏడాది ఆటను కొట్టిపారేయలేదన్నమాట. గోలీ అవార్డు మాత్రం సవితకే మళ్లీ ఇచ్చారు. మిడ్‌ఫీల్డర్ హార్దిక్, ఫార్వర్డ్ అభిషేక్. పెద్ద అవార్డు వచ్చినవాళ్లకు చిన్నది ఇవ్వరని గానీ, తప్పకుండా ఇస్తారని గానీ సూత్రం పెట్టుకోకండి. ఒకే పేరును రెండు గడుల్లో రాసేటప్పుడు రెండో గడిలో ఆ పేరుకు 50 గింజలు దాటనివ్వకపోతే సరిపోతుంది.

నామినేషన్లు ముందుగా ప్రకటిస్తారు కాబట్టి ఈ అవార్డులకు రెండు చీటీలు రాయాలి, ఒకటి సీజన్ మొదట్లో, ఇంకొకటి నామినేషన్లు వచ్చిన రాత్రి. మొదటి చీటీకి మార్కులు రెట్టింపు.

మిడ్‌ఫీల్డర్‌కు మీ నోటుబుక్కే ఆధారం

గోల్స్ జాబితాలో మిడ్‌ఫీల్డర్లు కనపడరు. 2019లో మన్‌ప్రీత్ సింగ్, 2023లో హార్దిక్ ఎఫ్‌ఐహెచ్ ప్లేయర్ ఆఫ్ ద ఇయర్ అయ్యారంటే చూసేవాళ్లు గోల్స్ కాకుండా ఇంకేదో చూస్తున్నారన్నమాటే. అది మీకు టీవీ కింద అంకెల్లో దొరకదు, గుర్తులు పెట్టుకోవాల్సిందే. పేజీకి నాలుగు నిలువు గడులు గీయండి, క్వార్టర్‌కు ఒకటి. ఒక మనిషి కన్ను ఇద్దరు ఆటగాళ్ల మీదే నిలుస్తుంది, ముగ్గురిని పట్టుకుంటే ఎవరినీ సరిగా చూడలేరు. మధ్యలో బంతి లాక్కుంటే ఒక నిలువు గీత. బంతిని డీలోకి తీసుకుపోయినా, పాస్‌తో పంపినా సున్నా. ఆ కదలికతో పీసీ వస్తే సున్నాలో చుక్క. బంతి పోగొట్టుకుంటే అడ్డగీత. కెమెరా బంతి వెంటే పోతుంది కాబట్టి బంతి లేనప్పుడు అతను ఎక్కడ నిలబడ్డాడో కనపడదు. ఈ లోటు తీరే మార్గం లేదు, రీప్లేలో వెడల్పు కోణం వచ్చినప్పుడు చూసుకోవడమే.

నాలుగో క్వార్టర్ గడి చూస్తే చాలావరకు తేలిపోతుంది. మొదటి మూడింట్లో గీతలు నిండిపోయి నాలుగోది ఖాళీగా ఉన్నవాడికి అవార్డు రావడం అరుదు. చివరి పది నిమిషాల్లో సున్నాలు పెరిగేవాడిని కమిటీ కూడా చూస్తుంది.

గింజలు పంచడం, మార్కులు వేయడం

ఒక్కో అవార్డుకు వంద గింజలు. మీకు నచ్చినట్లు పేర్ల మీద పంచి, పంచింది చీటీ మీద రాసి సీసాలో వేయాలి. గెలిచినవాడి మీద ఎన్ని గింజలుంటే అన్ని మార్కులు అనే పద్ధతి పెట్టుకోవద్దు. అట్లైతే అందరూ వంద గింజలూ ఒకే పేరు మీద పోస్తారు, ఆట చచ్చిపోతుంది. దాని బదులు ఈ సూత్రం వాడండి: గెలిచిన పేరు మీది గింజలను రెట్టింపు చేయండి, అందులోంచి అన్ని పేర్ల గింజల వర్గాల మొత్తాన్ని వందతో భాగించి తీసేయండి.

ఉదాహరణకు 60, 30, 10 అని పంచారు. వర్గాలు 3600, 900, 100, మొత్తం 4600, వందతో భాగిస్తే 46. అరవై గింజల పేరు గెలిస్తే 120 లోంచి 46 పోగా 74 మార్కులు. ముప్పై గింజలది గెలిస్తే 14. పదింటిది గెలిస్తే అప్పు 26. రాయని పేరు గెలిస్తే అప్పు 46. వందా ఒక్కడి మీదే పోసినవాడికి గెలిస్తే 100, ఓడితే అప్పు 100. లోపల 60 శాతమే నమ్మకం ఉన్నవాడు గొప్పకు పోయి వంద పోస్తే సగటున మిగిలేది 20. మిగతా నమ్మకాన్ని ముప్పై, పది అని పంచి నిజాయితీగా రాస్తే మిగిలేది 46. ఇంకో తిరకాసు ఉండదు.

ఆశ గింజలకు ఒక హద్దు పెట్టుకోండి. అంకెలతో తేలే అవార్డుల్లో లెక్క చెప్పినదానికంటే 5 ఎక్కువ, కమిటీ అవార్డుల్లో 10, ఓట్ల అవార్డుల్లో 15, అది కూడా మన ఆటగాడు ఆ ఏడాది పెద్ద టోర్నీలో పతకంతో వచ్చి ఉంటేనే. తూఫాన్స్ ఆటగాడికైనా, ఇంకెవరికైనా ఇదే హద్దు. ఈ హద్దు పెట్టే రోజు గొడవ జరుగుతుంది, జరగనివ్వండి. సీజన్ మధ్యలో మాత్రం మార్చొద్దు.

ఎక్కువగా ఎక్కడ తప్పుతారు

వేలం ధర చూసి రాయడం మొదటిది. 2024 అక్టోబరు వేలంలో హర్మన్‌ప్రీత్‌కు 78 లక్షలు, అభిషేక్‌కు 72 లక్షలు పలికాయి. ఆ సీజన్ ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్ మాత్రం 42 లక్షలకు పోయిన సుఖ్‌జీత్ సింగ్, కప్పు గెలిచిన బెంగాల్ జట్టు వాడు. అక్కడ చూడాల్సింది ధరను కాదు, జట్టు చివరి నలుగురిలో ఉంటుందా అన్నదాన్ని.

పేర్లు కలిసిపోవడం రెండోది, ఇది నిజంగా తలనొప్పి. 21 లోపు అబ్బాయిల అవార్డు ఏ జుగ్‌రాజ్ సింగ్ పేరు మీద ఉందో అతను పాత తరం డ్రాగ్‌ఫ్లికర్. బెంగాల్ తరఫున 12 కొట్టిన జుగ్‌రాజ్ సింగ్ వేరు. దీపిక, దీపికా సోరెంగ్ ఇద్దరూ ఫార్వర్డ్‌లే. ఇంటి పేరు, జట్టు, పుట్టిన సంవత్సరం మూడూ లేని చీటీని సీసాలో వేయనివ్వకండి. 21 లోపు గడికి పుట్టిన సంవత్సరం ఎట్లా అయినా కావాల్సిందే, సగం మంది అక్కడే వయసు దాటినవాడి పేరు రాసి గింజలు పారేసుకుంటారు.

చివరి మ్యాచ్ కళ్లలో మెదులుతుండగా చీటీ రాయడం మూడోది. మ్యాచ్ అయిన రాత్రి రాయకండి, మరుసటి పొద్దున నోటుబుక్కు తిరగేసి రాయండి.

డబ్బు పందేలు వద్దు. ఆన్‌లైన్ బెట్టింగ్ ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి చట్టప్రకారం నిషేధం. నలుగురు కూర్చుని ఆడుకునే ఆటలోకి డబ్బు వస్తే ఆ నలుగురే మిగలరు. అందరికంటే తక్కువ మార్కులు వచ్చినవాడు మిగతావాళ్లకు ఒక పూట ఉగ్గాని బజ్జీ పెట్టాలి, చాలు. బజ్జీ మిరపకాయదే.

సీసా తెరిచేది అవార్డు అధికారికంగా ప్రకటించాకే, వాట్సాప్‌లో వచ్చిన లిస్టు చూసి కాదు. ఆ ఏడాది ఏదైనా అవార్డు ఇవ్వకపోతే ఆ చీటీలు చింపేయండి, మార్కులు లేవు, అప్పులు లేవు. ఇద్దరికి కలిపి ఇస్తే ఇద్దరి గింజలనూ కలిపి ఒక్కటిగా లెక్కపెట్టండి, వర్గం కూడా కలిపిన అంకెకే వేయాలి. మొత్తం మార్కుల్లో ఇద్దరు సమానంగా నిలిస్తే గోలీ చీటీలో ఎవరికి ఎక్కువ వచ్చాయో చూడండి. అక్కడా సమానమైతే ఉగ్గాని ఖర్చు ఇద్దరూ సగం సగం.